నికెల్ పూతని 400 డిగ్రీల్లో బేక్ చేయాలా వద్దా: జూట్ మిల్లు షాఫ్టుకి సరిపోయింది పంపు స్లీవ్‌కి ఎందుకు పనికిరాలేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బొబ్బిలిలోని మీ వర్క్‌షాపు నుంచి రెండు రకాల జాబ్‌లు ఎలక్ట్రోలెస్ నికెల్ ప్లేటింగ్‌కి, అంటే కరెంటు లేకుండా రసాయన బాత్‌లో నికెల్ పూత వేసే పనికి, పంపారు. ఒకటి జూట్ మిల్లు షాఫ్టుల జర్నల్స్, అంటే బేరింగ్‌లో తిరిగే భాగాలు. రెండోది శ్రీకాకుళం తీరంలో రొయ్యల చెరువులకి ఉప్పునీళ్లు తోడే పంపుల షాఫ్ట్ స్లీవ్‌లు, అంటే షాఫ్టు అరగకుండా దానికి తొడిగే గొట్టాలు. రెండూ మైల్డ్ స్టీలు మీద 25 మైక్రాన్ల హై ఫాస్ఫరస్ పూతే, రెండింటినీ 400 డిగ్రీల సెల్సియస్‌లో గంటసేపు బేక్ చేయించారు. జూట్ మిల్లువి చక్కగా నడుస్తున్నాయి. స్లీవ్‌లకి మాత్రం కొద్ది వారాల్లోనే గ్లాండ్ (నీళ్లు కారకుండా షాఫ్టు చుట్టూ ప్యాకింగ్ బిగించే చోటు) దగ్గర తుప్పు రంగు నీళ్లు కారి, పూత పెచ్చులుగా లేచిపోయింది. బేకింగ్ చాలలేదేమో, 450 డిగ్రీల్లో మళ్లీ చేయిస్తే గట్టిపడి రాపిడి కూడా తగ్గుతుందా అని అడిగారు.

చేయించకండి. ఆ స్లీవ్‌ల బేకింగ్‌లో లోటేమీ లేదు. సరిగ్గా బేక్ అయినందుకే అవి తుప్పుకి లొంగిపోయాయి. మీ దగ్గర ఊడిన పెచ్చు ఒకటి ఉంటే తిరగేసి చూడండి. అడుగు వైపు గోధుమరంగు తుప్పు అంటుకుని ఉంటే నీళ్లు పూత గుండా లోపలికి దిగి స్టీలుని తిన్నట్టు. అడుగు తళతళ మెరుస్తూ శుభ్రంగా ఉంటే మాత్రం పూత మొదట్లోనే సరిగా అతుక్కోలేదని అర్థం. అది ప్లేటింగ్ ముందు చేసే డీగ్రీజింగ్, యాసిడ్ పిక్లింగ్ తప్పు. మీరు చెప్పిన లక్షణాలు మొదటి రకానివి.

ఎలక్ట్రోలెస్ నికెల్ బాత్‌లో సోడియం హైపోఫాస్ఫైట్ ఉంటుంది కాబట్టి పడే పూత ఒట్టి నికెల్ కాదు, నికెల్, ఫాస్ఫరస్ కలిసిన మిశ్రమం. ఫాస్ఫరస్ 10 శాతం దాటిన పూతలో స్ఫటికాల అమరిక ఉండదు. రేణువులూ, వాటి మధ్య హద్దులూ లేవు కనక ఉప్పునీటికి చొరబడే దారి దొరకదు. ఈ స్థితిలో గట్టిదనం 450 నుంచి 550 విక్కర్స్ (వజ్రపు మొన నొక్కి గట్టిదనం కొలిచే లెక్క) దాకా ఉంటుంది. గంటసేపటి బేకింగ్‌లో వేడి 320, 350 డిగ్రీలు దాటేసరికి అందులోంచి నికెల్ ఫాస్ఫైడ్ రేణువులు విడిపోవడం మొదలవుతుంది. 400 దగ్గర ఒక గంట ఉంచితే ఆ రేణువులు అతి సన్నగా, దట్టంగా పరుచుకుని గట్టిదనం 950 నుంచి 1050 విక్కర్స్ దాకా పెరుగుతుంది. కరెంటుతో వేసే క్రోమియం పూత, హార్డ్ క్రోమ్‌కి దగ్గరగా వచ్చేసినట్టే.

అయితే ఈ మార్పులో పూత కొద్ది శాతం కుదించుకుపోతుంది. కింద స్టీలు కదలదు కాబట్టి పూతలో లాగుడు పెరిగి, పై నుంచి అడుగు దాకా కంటికి కనపడని సన్నటి నెర్రెలు పడతాయి. పైగా ఫాస్ఫైడ్ రేణువూ, ఫాస్ఫరస్ పోగొట్టుకున్న నికెలూ పక్కపక్కనే ఉండటంతో ఉప్పునీటిలో ఆ రెండిటి మధ్యే చిన్న బ్యాటరీలు తయారవుతాయి. దెబ్బ ఎంతటిదో చెప్పడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో బేక్ చేయని హై ఫాస్ఫరస్ పూత ఏడాదికి సుమారు 15 మైక్రాన్లు కరుగుతుంది. 190 డిగ్రీల్లో గంటన్నర బేక్ చేస్తే అది 20 దగ్గర ఉంటుంది. 400 డిగ్రీల్లో గంట బేక్ చేస్తే వెయ్యి మైక్రాన్లు దాటిపోతుంది. మీ చెరువులో ఉన్నది ఆమ్లం కాదు కానీ మార్పు ఏ దిశలో, ఏ స్థాయిలో ఉంటుందో ఇది చెబుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. నికెల్ అడుగునున్న స్టీలుని కాపాడేది కప్పి ఉన్నంతవరకే. జింక్ తాను కరిగి స్టీలుని కాపాడుతుంది, నికెల్ అలా చేయదు. నెర్రె పడి ఒక్కచోట స్టీలు బయటపడిందంటే, చుట్టూ ఉన్న పెద్ద నికెల్ ఉపరితలమంతా కలిసి ఆ చిన్న చుక్కనే తినేస్తుంది. అందుకే పైన సూదిమొనంత మచ్చ కనిపించేసరికి లోపల గుంట పడి, పూత కింద తుప్పు ఉబ్బి పెచ్చు లేస్తుంది. జూట్ మిల్లులో ఈ బెడద లేదు. అక్కడ జర్నల్ మీద ఆయిలూ, దుమ్మూ, నారపీచూ తప్ప ఉప్పునీళ్లు లేవు, నెర్రెలున్నా అడిగేవాడు లేడు. ఒకే బేకింగ్ ఒకచోట గెలిచి ఇంకోచోట ఓడిపోవడానికి కారణం ఇంతే.

ఇక 450 సంగతి. గట్టిదనం శిఖరం 400 దగ్గరే. ఆపైన ఫాస్ఫైడ్ రేణువులు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి, గట్టిదనం దిగుతుంది. కానీ గట్టిదనం దిగితే అరుగుదల పెరుగుతుందని కచ్చితంగా చెప్పలేం, చాలామంది పొరబడేది ఇక్కడే. గరుకు చక్రాలతో రుద్ది పోయిన బరువు తూచే టేబర్ అబ్రేజర్ పరీక్షలో 9 శాతం ఫాస్ఫరస్ పూతకి వెయ్యి తిప్పులకి పోయే బరువు బేక్ చేయకముందు 17 మిల్లీగ్రాములు, 300 డిగ్రీల్లో గంట తర్వాత 10, 500లో గంట తర్వాత 6, 650లో గంట తర్వాత 4. హార్డ్ క్రోమ్‌కి అదే పరీక్షలో 2. అంటే గట్టిదనం శిఖరం దాటి కిందికి దిగుతున్నా అరుగుదల తగ్గుతూనే వచ్చింది. 400 దగ్గర పూత గట్టిగా ఉన్నా పెళుసు, గీత పడితే అంచులు చిట్లి ముక్కలు పోతాయి. ఇంకా వేడెక్కితే పెళుసుదనం తగ్గుతుంది, పూతకీ స్టీలుకీ మధ్య వ్యాపనం జరిగి అతుకు బలపడుతుంది. ఈ అంకెలు చూసి 650కి వెళ్లిపోవాలని కాదు. ఆ వేడికి మీ షాఫ్టు సొంత బలం పోతుంది, వంకర్లు తిరుగుతుంది. విక్కర్స్ అంకె ఒక్కటే చూసి పూతని మెచ్చుకోవద్దని మాత్రం ఇది గట్టిగా చెబుతోంది.

రాపిడి గురించి మీకున్న ఆశ కొంచెం తగ్గించుకోవాలి. ఎలక్ట్రోలెస్ నికెల్ స్టీలు మీద పొడిగా జారితే రాపిడి గుణకం 0.4 దరిదాపు, ఆయిల్ ఉంటే 0.13 దరిదాపు. బేకింగ్ వల్ల ఈ అంకెలు పెద్దగా మారవు. మారేది రాపిడి నిలకడ. బేక్ చేయని నికెల్ మెత్తటి స్టీలు మీదగానీ, స్టెయిన్‌లెస్ మీదగానీ ఒత్తిడితో జారితే పట్టేసుకునే గుణం ఉంది. లోహం లోహానికి అతుక్కుని, చిరిగి, గీరుకుపోతుంది, దాంతో రాపిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఫాస్ఫైడ్ ఏర్పడ్డాక ఈ అతుక్కునే గుణం బాగా తగ్గుతుంది. అయినా ఎదురు భాగం ఏమిటన్నదే ముఖ్యం. గ్రే కాస్ట్ ఐరన్, ఫాస్ఫర్ బ్రాంజ్, గట్టిపరిచిన స్టీలు మీద ఇది చక్కగా నడుస్తుంది. నికెల్ పూత మీద నికెల్ పూతని మాత్రం నడపొద్దు.

నిజంగా రాపిడే తగ్గాలంటే టెఫ్లాన్ రేణువులు కలిపిన నికెల్ పూత వేరే ఉంది. ఘనపరిమాణంలో 20 నుంచి 25 శాతం టెఫ్లాన్ ఉన్న పూతకి పొడిగా కూడా రాపిడి 0.1, 0.2 మధ్య ఉంటుంది. అది మెత్తటిది, బరువులు మోయదు. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనక దానికి 400 బేకింగ్ పెడితే డబ్బు పారేసినట్టే, 300 లోపే ఆగాలి.

ఉపరితలం నునుపు కూడా చూడండి. ఎలక్ట్రోలెస్ నికెల్ కింద ఉన్న గీతని కప్పదు, ఉన్నదున్నట్టు పైకి తెస్తుంది. ప్లేటింగ్‌కి ముందే గ్రైండింగ్ చేసి గరుకుదనం కొలత ఆర్‌ఏని 0.2 నుంచి 0.4 మైక్రాన్లకి తేవాలి. పూత మీద వేలితో తాకితే సన్నటి ఇసక తగిలినట్టుండే బొడిపెలు ఉంటే, అవి బాత్ ఫిల్టర్ సరిగా లేక వచ్చినవి. బేక్ చేశాక అవి వెయ్యి విక్కర్స్ ఆకురాయి పళ్లలా మారి బుష్‌ని గీకుతాయి. బేకింగ్‌కి ముందే లేత్ మీద నెమ్మదిగా తిప్పుతూ, 600 తర్వాత 1000 నంబరు ఎమరీ పేపర్‌తో, ఆయిల్ వేసి ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే తీసేయండి.

ఏ స్టీలు మీద వేశారన్నది తర్వాతి ప్రశ్న. మైల్డ్ స్టీలు దాదాపు 150 విక్కర్స్. దాని మీద వెయ్యి విక్కర్స్ పూత 25 మైక్రాన్లు అంటే పరుపు మీద గాజు పలక పరిచినట్టే. బరువు పరుచుకుని పడితే నిలుస్తుంది, ఒకే చుక్క మీద పడితే కింద స్టీలు నొక్కుకుపోయి పైన పూత పగులుతుంది. బరువైన జర్నల్స్‌కి ఈఎన్19 అనే మిశ్రమ స్టీలు తీసుకుని, 28 నుంచి 32 రాక్‌వెల్ సీ (గట్టిదనానికి ఇంకో లెక్క) దాకా హార్డెన్, టెంపర్ (గట్టిపరిచాక మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గించడం) చేయించి ఆపైన పూత వేయించండి. ఆ గట్టిదనానికి దాన్ని 550 డిగ్రీలకి పైనే టెంపర్ చేస్తారు కాబట్టి 400 బేకింగ్ దాన్ని కదిలించదు. నైట్రైడింగ్ (పై పొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేసిన భాగాలదీ అదే తీరు. కానీ బేరింగ్ స్టీలు ఈఎన్31 లాంటివి, పై పొర మాత్రమే గట్టిపరిచే కేస్ హార్డెనింగ్ చేసినవి 150, 200 డిగ్రీల్లో టెంపర్ అయినవి. పలాస జీడిపప్పు యూనిట్లలో పిక్కలు కోసే గట్టిపరిచిన బ్లేడ్లకి కూడా, అవి తక్కువ వేడిలో టెంపర్ చేసిన స్టీలు అయితే, ఇదే జాగ్రత్త. 400లో పెడితే పూత గట్టిపడుతుంది, లోపలి స్టీలు మెత్తబడుతుంది, పదును నిలవదు. అలాంటివాటికి బేకింగ్ ఎప్పుడూ స్టీలు టెంపరింగ్ వేడికి కనీసం 20, 30 డిగ్రీలు తక్కువలోనే.

స్టీలుకి 400 కుదరకపోయినా 260 దాకా ఓర్చుకునే జాబ్‌లకి దారి ఉంది. వేడి తగ్గించి సమయం పెంచడమే. ఈ పూతలకున్న ఏఎస్‌టీఎం బీ733 ప్రమాణం ఇచ్చే జతలు ఇవీ: 260 డిగ్రీల్లో 20 గంటలు, 285లో 16 గంటలు, 320లో 8 గంటలు, 400లో 1 గంట. వంకర భయం ఉన్న పొడవాటి షాఫ్టులకి 285 దగ్గర 16 గంటలే మంచిదని నా అభిప్రాయం. కరెంటు ఖర్చు ఎక్కువే గానీ, వంకరపోయిన షాఫ్టుని పూత మీద స్ట్రెయిటెనింగ్ ప్రెస్‌లో పెడితే పూత పగలడం ఖాయం. తుప్పు విషయంలో మాత్రం ఈ తక్కువ వేడి కూడా రక్షించదు, గట్టిపడేంత మార్పు జరిగితే నెర్రెలూ వస్తాయి.

ఓవెన్ దగ్గర జరిగే తప్పులే ఎక్కువ కాబట్టి అది కాస్త వివరంగా. ప్లేటింగ్ టాంకు నుంచి తీసిన జాబ్‌ని మంచినీళ్లతో, ఆపైన వేడి డీమినరలైజ్డ్ నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అక్కడినుంచి కాటన్ గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు, వేలిముద్ర కూడా ఓవెన్‌లో మాడి మచ్చగా ఉండిపోతుంది. స్టీలు 31 రాక్‌వెల్ సీ దాటి గట్టిదైతే, యాసిడ్‌లోనూ బాత్‌లోనూ లోపలికి దూరిన హైడ్రోజన్ బయటికి పోవాలి. దానికి ప్లేటింగ్ అయిన 3, 4 గంటల్లోపే 190 నుంచి 220 డిగ్రీల్లో బేకింగ్ మొదలవ్వాలి, స్టీలు ఎంత గట్టిదైతే అంత ఎక్కువసేపు. రేపు చూద్దాంలే అని రాత్రంతా వదిలేస్తే లోపలే నెర్రె పడొచ్చు, తర్వాత ఎంత బేక్ చేసినా అది పూడదు.

వేడి ఎక్కించడం నిమిషానికి 3 నుంచి 5 డిగ్రీలు చాలు. వేడి కొలిచే థర్మోకపుల్ గాలిలో వేలాడకూడదు, జాబ్‌లో అన్నిటికంటే లావుగా ఉన్నచోట ఆనించి కట్టాలి. 80 మిల్లీమీటర్ల షాఫ్టు ఓవెన్ గాలి కంటే చాలాసేపు వెనకబడి ఉంటుంది. మీటరు 400 చూపగానే గడియారం మొదలుపెడితే షాఫ్టు అసలు వేడికి చేరకముందే గంట అయిపోతుంది. అందుకే గంట లెక్క జాబ్ 390 దాటాకే. పొడవాటి షాఫ్టుని నిలువుగా వేలాడదీయాలి, లేదా దగ్గర దగ్గరగా వీ బ్లాకుల మీద పెట్టాలి. బ్రైట్ బార్‌తో చేసిన షాఫ్టు ఓవెన్‌లోంచి వంకరగా రావడానికి కారణం పూత కాదు, చల్లగా లాగి తయారుచేసిన ఆ బార్‌లో దాగి ఉన్న ఒత్తిడి. రఫ్ టర్నింగ్ అయ్యాక, ఫినిష్ గ్రైండింగ్‌కి ముందు 550 నుంచి 600 డిగ్రీల్లో స్ట్రెస్ రిలీవ్ చేయిస్తే ఆ బాధ ఉండదు. ఓవెన్‌లో పెట్టేముందూ తీశాకా డయల్ గేజ్‌తో రన్ అవుట్ (తిప్పినప్పుడు వచ్చే ఊగు) చూసి రాసిపెట్టుకోండి.

మధ్యలో కరెంటు పోతే కంగారుపడి తలుపు తీయకండి. వచ్చాక మళ్లీ వేడెక్కించి, 400 దగ్గర గడిచిన నిమిషాలు పోను మిగిలినవి పూర్తిచేస్తే సరిపోతుంది. అయ్యాక ఓవెన్‌లోనే 150 డిగ్రీలకి దిగనిచ్చి తీయండి. మామూలు గాలిలో బేక్ చేస్తే పూత లేత బంగారు రంగు నుంచి ఊదా, నీలం దాకా తిరుగుతుంది. అది పైపై ఆక్సైడ్, అరుగుదలకి హాని లేదు. రంగు చూసి పార్టీ గొడవపెడతాడనుకుంటే నైట్రోజన్ ఉన్న ఓవెన్‌లో చేయించాలి.

బేకింగ్ నిజంగా జరిగిందో లేదో ఇంట్లోనే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. జాబ్‌లతో పాటు రెండు ఇత్తడి పట్టీలు కూడా ప్లేటింగ్‌కి ఇవ్వండి. ఇత్తడి మీద ప్లేటింగ్ మొదలవ్వాలంటే ముందు కాసేపు ఇనుప తీగతో తాకించాలి, ఆ సంగతి ప్లేటింగ్ వాళ్లకి తెలిసిందే. ఫాస్ఫరస్ 11 శాతం, ఆపైన ఉన్న పూతని బేక్ చేయకముందు అయస్కాంతం లాగదు. దారానికి కట్టిన చిన్న అయస్కాంతాన్ని పట్టీ దగ్గరికి తెస్తే కదలకుండా ఉంటుంది. 400 బేకింగ్ తర్వాత అదే పట్టీ వైపు వాలుతుంది, ఎందుకంటే ఫాస్ఫైడ్ విడిపోయాక మిగిలిన నికెల్‌కి అయస్కాంత గుణం తిరిగి వస్తుంది. బేక్ చేయని పట్టీయే అయస్కాంతాన్ని లాగితే, మీకు హై ఫాస్ఫరస్ అని చెప్పి మీడియం వేశారని అనుమానించొచ్చు. ఇత్తడి కాబట్టి అడుగు లోహం అయస్కాంతాన్ని తికమకపెట్టదు.

గట్టిదనం కొలవడానికి వర్క్‌షాపులోని రాక్‌వెల్ మెషీన్ పనికిరాదు, దాని మొన పూతని దాటి స్టీలులోకి దిగిపోతుంది. ల్యాబ్‌లో మైక్రో విక్కర్స్, 100 గ్రాముల బరువుతో అడగండి. వెయ్యి విక్కర్స్ పూత మీద ఆ గుర్తు మూల నుంచి మూలకి 13, 14 మైక్రాన్లు, లోతు 2 మైక్రాన్లు మాత్రమే. పూత మందంలో పదో వంతు మించి దిగకూడదన్న నియమానికి 25 మైక్రాన్ల మీద అది సరిపోతుంది. బేక్ చేయని మెత్తటి పూతకైతే 50 గ్రాములు చాలు. నెర్రెలకీ చిల్లులకీ ఫెరాక్సిల్ పరీక్ష ఉంది. లీటరు నీటిలో 25 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్, 15 గ్రాముల ఉప్పు కలిపి, శుభ్రం చేసిన స్టీలు జాబ్‌ని అందులో 30 సెకన్లు ఉంచి, కడిగి ఆరబెట్టాలి. స్టీలు బయటపడిన ప్రతిచోటా నీలం చుక్క తేలుతుంది. ఉప్పునీటికి వెళ్లే ప్రతి బ్యాచ్‌లో ఒకటైనా ఇలా చూడటం తప్పనిసరి అంటాను.

హార్డ్ క్రోమ్ కూడా బేక్ చేస్తే గట్టిపడుతుందా అని కొందరికి సందేహం ఉంటుంది. పడదు, వ్యవహారం తలకిందులు. దాని గట్టిదనం ప్లేటింగ్‌లోనే వచ్చేస్తుంది. 200 దగ్గర హైడ్రోజన్ కోసం బేక్ చేస్తే నష్టం లేదు, 400 దాటితే గట్టిదనం వేగంగా పడిపోతుంది, దానికి పుట్టుకతోనే ఉన్న సన్నటి నెర్రెలు ఇంకా తెరుచుకుంటాయి.

మరి మీ స్లీవ్‌లకి ఏం చేయాలి. మైల్డ్ స్టీలు వదిలేసి 316 స్టెయిన్‌లెస్‌కి మారడం మొదటి పని. నీళ్లలో ఇసక తక్కువుంటే 50 మైక్రాన్ల హై ఫాస్ఫరస్ నికెల్, 190 నుంచి 200 డిగ్రీల్లో 2 నుంచి 4 గంటలు, అంతే. అతుకు కుదురుతుంది, పూత స్ఫటికాలుగా మారదు. ఇంకా గట్టిదనం కావాలంటే 25 మైక్రాన్ల బేక్ చేయని నికెల్ అడుగున, 25 మైక్రాన్ల హార్డ్ క్రోమ్ పైన. తుప్పుని నికెల్ ఆపుతుంది, అరుగుదలని క్రోమ్ మోస్తుంది.

మన తీరం ఇసకలో గార్నెట్, ఇల్మెనైట్, జిర్కాన్ ఉన్నాయి. మామూలు క్వార్ట్జ్ ఇసకే వెయ్యి విక్కర్స్ పైమాట, గార్నెట్ అంతకంటే గట్టిది. సముద్రం నుంచి నేరుగా తోడే పంపులో అది గ్లాండ్ ప్యాకింగ్‌లో ఇరుక్కుంటే ఏ నికెల్ పూతా, ఏ బేకింగూ నిలవవు. అక్కడ నికెల్, క్రోమియం, బోరాన్, సిలికాన్ పొడిని స్ప్రే చేసి ఫ్యూజ్ చేసిన పూత వేయించండి. మంటతో 1010 నుంచి 1100 డిగ్రీల మధ్య వేడి చేస్తూ పోతే, మసకగా గరుకుగా ఉన్న ఉపరితలం ఒక్కసారి తడి అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు స్లీవ్ చుట్టూ తిరిగి రావాలి, రాగానే మంట ముందుకి జరపాలి. మెరుపు రాకముందే ఆపితే లోపల చిల్లులు మిగులుతాయి, ఎక్కువసేపు ఉంచితే పూత జారి కారుతుంది. ఫ్యూజ్ అయ్యేటప్పుడు మందం 15 నుంచి 20 శాతం తగ్గుతుంది, గ్రైండింగ్ అలవెన్సు కలుపుకుని స్ప్రే చేయాలి. గ్రైండింగ్ అయ్యాక 0.8 మిల్లీమీటర్లు మిగిలితే చాలు, 55 నుంచి 60 రాక్‌వెల్ సీ వస్తుంది.

ప్యాకింగ్ గ్రాఫైట్‌దైతే ఉప్పునీటిలో అది స్టెయిన్‌లెస్‌ని తినేలా చేస్తుంది, టెఫ్లాన్ ప్యాకింగ్‌కి మారండి. గ్లాండ్ బిగించేసి చుక్క కూడా కారకుండా చేయొద్దు, నిమిషానికి 30 నుంచి 60 చుక్కలు పడాల్సిందే.

పాత స్లీవ్‌ల మీద మిగిలిన పూత మీదే కొత్తది వేయించకండి, బేక్ అయిన నికెల్ మీద కొత్త నికెల్ పొరలా ఊడిపోతుంది. గ్రైండ్ చేసి స్టీలు దాకా తీసేయాలి. స్లీవ్ బయటి వ్యాసం, పంపు ఆర్‌పీఎం, నీళ్లు సముద్రానివా క్రీక్‌వా అన్నది రాస్తే ఏ పూత, ఎంత మందం అన్నది లెక్కగట్టి చెబుతాను.